వంతెనకు ప్రమాదమేమీ లేదు

ఆ రోజు పొద్దున ప్రచార్రావు వేసుకున్న పథకం చాలా చిన్నది. మామగారి కంటే ముందు లేచి, మెట్ల మీద పడి ఉండే పేపరు తీసి, ఏడో పేజీ చూసుకుని, మడత చెడకుండా మళ్లీ అక్కడే పెట్టేయాలి. తరువాత ఆఫీసుకు వెళ్లి అక్కడి పేపర్లో ఆ పేజీ తన పై అధికారి మేడమ్‌కు చూపించి, ఉద్యోగం ఖాయం చేయించుకుని, కంపెనీ పెద్దాయన కంట పడకుండా తన గదిలోకి దూరి తలుపేసుకోవాలి. ఇందులో ఎక్కడా ఎవరితోనూ గొంతెత్తి మాట్లాడాల్సిన పని లేదు. ఆ పథకంలో అతనికి బాగా నచ్చింది అదే.

ప్రచార్రావు అతని అసలు పేరు కాదు. పౌరసంబంధాల అధికారిగా చేరిన రోజున కంపెనీలోని ఇంజనీర్లు పెట్టిన పేరు. అసలు పేరు ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. ఎవరైనా తనవైపు తిరిగి చూస్తే చొక్కా గుండీ ఏదో ఊడిందేమోనని తడుముకునే స్వభావం అతనిది. బళ్లో తీసిన గ్రూపు ఫోటోలన్నిట్లోనూ అతని భుజం మాత్రమే ఉంటుంది. తల ఎప్పుడూ ముందున్నవాడి తల వెనక ఉంటుంది. పెళ్లయిన కొత్తలో భార్య ఆ ఫోటోలు చూసి, "ఇలాంటి మనిషి నలుగురితో మాట్లాడే ఉద్యోగంలోకి ఎలా వచ్చారండీ?" అని అడిగింది. "ఈత రానివాడే కదా నీళ్ల గురించి ఎక్కువగా ఆలోచించేది" అన్నాడు. "ఆలోచించండి, ఆలోచించండి. దిగకండి" అంది ఆమె.

దిగాడు. అంతకు ముందు రెండు చోట్ల దిగి, ప్రొబేషన్ పూర్తి కాకముందే ఒడ్డుకు చేరాడు. ఇది మూడో చోటు. ఇక్కడా ఖాయం కాకపోతే ఏమవుతుందో మామగారు ఏమీ అనలేదు. ఏమీ అనకుండా ఉండటం ఎంత గట్టిగా అనడమో ప్రచార్రావుకు తెలుసు.

ఈ కంపెనీ వంతెనలకు దిండ్లు చేస్తుంది. వంతెన స్తంభం నెత్తిన, పై దూలం కింద, రబ్బరూ ఉక్కూ పొరలు పొరలుగా అతికించిన దిమ్మ ఒకటి ఉంటుంది. ఎండకు వంతెన సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది, లారీ ఎక్కితే ఒళ్లు విరుచుకుంటుంది. ఆ కదలికనంతా ఈ దిమ్మ నోరెత్తకుండా మింగుతుంది. కంపెనీలో దాన్ని దిండు అంటారు. ఊళ్లోని పెద్ద వంతెన మొత్తం ఈ కంపెనీ దిండ్ల మీదే పడుకుని ఉంది. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. తెలియకూడదన్నది కంపెనీ స్థాపించిన పెద్దాయన సిద్ధాంతం.

"పడుకున్నవాడికి దిండు గుర్తొచ్చిందంటే నిద్ర చెడిందన్నమాట" అంటాడాయన. కంపెనీ గేటుకు బోర్డు లేదు. ఎక్కడ పనిచేస్తారని బయట ఎవరైనా అడిగితే, ఇంజనీర్లు "ఒకచోట" అని చెప్పాలి. ప్రచార్రావును ఉద్యోగంలోకి తీసుకున్నదీ ఆయనే. "మీకు మాట్లాడటం ఇష్టమా?" అని అడిగాడు. "లేదండీ" అన్నాడు ప్రచార్రావు. "రేపట్నుంచి రండి" అన్నాడు పెద్దాయన.

చిక్కంతా పెద్దాయన కూతురితో వచ్చింది. ఆమె పెద్ద చదువు చదివి వచ్చి మేనేజింగ్ డైరెక్టర్ కుర్చీలో కూర్చుంది. కొత్త వంతెనలు కట్టేవాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడల్లా, "మీ పేరెప్పుడూ వినలేదే!" అంటున్నారట. విని విని విసిగిపోయి ఆమె ప్రచార్రావును పిలిచింది. "ఈ వారంలోగా మన పేరు పేపర్లో పడాలి. పడకపోతే ఈ పోస్టే దండగ, తీసేస్తాను" అంది. ఆ మాట ఎలా విన్నాడో ఏమో, పెద్దాయన వరండాలో ఎదురుపడి, "మన పేరు పేపర్లో కనపడిన రోజు మీరు ఆఫీసులో కనపడకండి" అన్నాడు, చాలా మర్యాదగా.

ప్రచార్రావు చాలాసేపు ఆలోచించాడు. ఇద్దరు మనుషులు రెండు వైపుల నుంచి లాగుతుంటే చిరిగిపోకుండా ఉండాలంటే మనిషి రబ్బరులాగా ఉండాలి. దిండ్ల కంపెనీలో చేరినందుకు తనకు అబ్బిన విద్య ఇదేనేమో అనుకున్నాడు. చివరికి పేరు ఉండీ ఉండనట్టుగా ఒక చిన్న వార్త రాశాడు. ఎండలు ముదురుతున్నా పెద్ద వంతెనకు ప్రమాదమేమీ లేదు, దాని కింది దిండ్లు కొత్తవాటిలాగే ఉన్నాయి, అని. కంపెనీ పేరు మొదట్లో పెట్టడానికి చెయ్యి రాలేదు. మధ్యలో పెట్టినా అది అందరి మధ్యా నిలబడి తనవైపు చూస్తున్నట్టే అనిపించింది. ఆఖరి వాక్యం ఆఖర్న, సభలో వెనక వరస మూల కుర్చీలో కూర్చోబెట్టినట్టు, పేరును కూర్చోబెట్టాడు. తీసుకెళ్లి విలేకరికి ఇచ్చాడు. ఆ విలేకరి చిన్ననాటి స్నేహితుడు. గ్రూపు ఫోటోల్లో ప్రచార్రావు దాక్కున్నది అతని తల వెనకే.

పొద్దున పథకం ప్రకారం లేచి తలుపు తీసేసరికి మామగారు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. పేపరు ఆయన ఒళ్లో ఉంది. పెన్సిలు చెవి మీద ఉంది.

మామగారు ఆడిటరుగా రిటైరయ్యారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఇతరుల కాగితాలు తనిఖీ చేశారు. రాసి ఉన్నదాన్ని నమ్మకపోవడం ఆయన వృత్తి. రిటైరయ్యాక ఆ వృత్తి అంతా పేపరు మీద పడింది.

"అల్లుడుగారూ, ఇది చూశారా?" అన్నారాయన, ఏడో పేజీ మీద పెన్సిలుతో గట్టిగా గీత గీస్తూ. "'పెద్ద వంతెనకు ప్రమాదమేమీ లేదు.' చూశారా ఎలా రాశారో!"

ప్రచార్రావు గుండె ఉప్పొంగింది. ఇన్నేళ్లకు తను రాసిన ముక్క ఒకటి మామగారి నోట వినపడింది. "బాగానే రాసినట్టున్నారండీ" అన్నాడు, వీలైనంత మామూలుగా.

"బాగానా? మనమెవరైనా అడిగామా ప్రమాదం ఉందా అని?"

"లేదండీ."

"అడగని ప్రశ్నకు జవాబు చెప్పాడంటే ఏంటండీ అర్థం? లోపల ఏదో ఉంది. క్యాషియరు నా దగ్గరికొచ్చి, 'సార్, పెట్టెలో డబ్బంతా ఉంది' అన్నాడనుకోండి. వెంటనే నేనేం చేస్తాను? పెట్టె తెరిపిస్తాను." లోపలికి తిరిగి కేక వేశారు. "అమ్మాయీ! ఇవాళ బడికి వంతెన మీదుగా వెళ్లకు. చుట్టూ తిరిగి వెళ్లు."

"చుట్టూ తిరిగి వెళ్తే నేను చేరేసరికి బడి వదిలేస్తారు నాన్నా" అంటూ భార్య బ్యాగు సర్దుకుంటూ బయటికి వచ్చింది. ఆమె అవతలి ఒడ్డున బళ్లో లెక్కల టీచరు.

ఇప్పుడైనా చెప్పేయాలని ప్రచార్రావు నోరు తెరిచాడు. "అది... నేను రాసిందే మావయ్యగారూ. మా కంపెనీ గురించే."

తండ్రీ కూతుళ్లిద్దరూ అతనివైపు చూశారు. అతని చెయ్యి చొక్కా గుండీల మీదికి పోయింది. మామగారు వార్తను మళ్లీ మొదట్నుంచీ చివరిదాకా చదివారు. పేజీ తిప్పి వెనక కూడా చూశారు.

"ఏదీ? మీ కంపెనీ పేరేదీ?"

ప్రచార్రావు వంగి చూశాడు. 'దిండ్లు కొత్తవాటిలాగే ఉన్నాయి' దగ్గర వార్త ఆగిపోయింది. ఆ కిందే ఎవరివో ఫ్యాన్ల ప్రకటన గాలి విసురుతూ ఉంది.

"పోనీలెండి" అన్నారు మామగారు, పిల్లవాడు అబద్ధమాడితే పెద్దమనసుతో చూసీ చూడనట్టు వదిలేసే గొంతుతో. "అదికాదు, దిండ్లేమిటండీ వంతెనకి? కొత్తవాటిలాగే ఉన్నాయంటే పాతబడ్డాయనేగా!" అని లేచి, పొద్దున తనతో నడకకు వచ్చే మిత్రులందరికీ ఫోన్లు చేయడానికి లోపలికి వెళ్లారు.

ప్రచార్రావు సందు చివరికి వెళ్లి విలేకరికి ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఆఖరి లైనేదిరా?"

"యాడ్ వచ్చిందిరా. చోటు చాల్లేదు, కోసేశారు."

"అదే కోశారా? పైన అంత ఉంటే?"

"వార్తని ఎప్పుడూ కింద నుంచే కోస్తార్రా. అందుకే కావాల్సినవాళ్లు పేరు పైన పెట్టుకుంటారు. ఆఖర్న పెట్టుకునేవాణ్ణి నిన్నే చూశాను. అవునూ, వంతెనకి నిజంగా ఏమీ లేదు కదా? పొద్దున్నుంచీ ఒకటే ఫోన్లు."

ఆఫీసు గేటు దగ్గరికి వెళ్లేసరికి పసుపు రంగు వ్యాను బయటికి వస్తోంది. అందులో టోపీలు పెట్టుకున్న ఇంజనీర్లు టార్చిలైట్లు పట్టుకుని బిగుసుకుపోయి కూర్చున్నారు. ముందు సీట్లో చీఫ్ ఇంజనీరు ఉన్నాడు. ఆయన్ని అందరూ మిల్లీమీటరు అంటారు. టీ కప్పు పెట్టినా బల్ల అంచు నుంచి ఎంత దూరంలో పెట్టాడో చూసుకుంటాడు.

"ఎక్కడికండీ?"

"పెద్ద వంతెన కిందికి" అన్నాడు మిల్లీమీటరు. "పేపర్లో పడింది కదా. పేపర్లో పడితే అన్ని పనులూ ఆపి కిందికి దిగి చూడాలి. పెద్దాయన కంపెనీ పెట్టిన రోజు రాయించిన ఆర్డరు. మీ గది బయటే గోడ మీద ఉంటుంది, చదవలేదా?"

చదివాడు. అది అగ్నిప్రమాదం గురించేమో అనుకున్నాడు. ఇన్నేళ్లలో ఆ ఆర్డరు అమలు చేసే అవసరం ఒక్కసారీ రాలేదు. ఈ మనుషుల లెక్కలో దిండు పేపర్లోకి ఎక్కడానికి ఒకటే కారణం ఉంటుంది: అది చిరగడం. మంచి వార్త అనేది ఒకటి ఉంటుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది తనే.

"అయ్యయ్యో, ఏమీ కాలేదండీ! ఆ వార్త రాసింది నేనే!"

"మీరా? ప్రమాదం లేదని మీకెలా తెలుసు?"

"మీరే చెప్పారు కదండీ, పోయిన వారం!"

"పోయిన వారం నేను చెప్పింది కొలత" అన్నాడు మిల్లీమీటరు. "పేపర్లోకి ఎక్కాక అది కొలత కాదు, కబురు. కబుర్ని మళ్లీ కొలవాలి. ఎక్కండి, మీ వల్లేగా."

వంతెన దగ్గర అప్పటికే మామగారి నడక మిత్రులు కర్రలతో సహా నిలబడి ఉన్నారు. ప్రమాదం లేని వంతెన ఎలా ఉంటుందో చూడటానికి వచ్చారు. అంతలో పసుపు వ్యాను ఆగింది. టోపీల మనుషులు ఒక్కొక్కరే దిగి, ఎవరివైపూ చూడకుండా, ఒడ్డు దిగి స్తంభాల కిందికి వెళ్లారు. ఆ నడక మిత్రుల్లో ఒకాయన టోపీ తీసి గుండె మీద పెట్టుకున్నాడు. పది నిమిషాల్లో ఒడ్డు నిండా జనం చేరారు.

"ఏమైందండీ?" అని అరిచారు పైనుంచి.

మిల్లీమీటరు వినిపించుకోలేదు. బయటివాళ్లతో మాట్లాడకూడదన్నది కంపెనీ నియమం. నిచ్చెన ఎక్కి, టార్చి వేసి, దిండును నలువైపులా చూశాడు. అరచేత్తో నొక్కాడు. చెవి ఆనించి విన్నాడు. పైకి చూసి చూసి మెడ పట్టేయడంతో, కిందికి దిగుతూ తలను ఇటూ అటూ మెల్లగా తిప్పుకున్నాడు.

"అయ్యో!" అన్నారు ఒడ్డున ఉన్నవాళ్లు.

ఇక ఊరుకుంటే లాభం లేదనుకుని ప్రచార్రావు ముందుకు వచ్చాడు. ఉద్యోగంలో చేరాక జనం ముందు నోరు తెరవడం అదే మొదలు. చొక్కా గుండీలన్నీ ఉన్నాయని చూసుకున్నాడు. "ఎవరూ కంగారు పడకండి. ఇది మామూలు తనిఖీ."

"మామూలైతే ఇన్నాళ్లూ ఎప్పుడూ చూడలేదే!" అంది ఒక ఆవిడ.

"ఇలా అందరం కలిసి రావడం ఇవాళే మొదటిసారండీ."

"మొదటిసారి చేసేది మామూలెలా అవుతుందయ్యా?"

"ఇంతకీ మీరెవరు?" అన్నాడు ఇంకొకాయన.

"కంపెనీ తరఫునండీ."

"ఏ కంపెనీ?"

ప్రచార్రావు కళ్ల ముందు మేడమ్, పెద్దాయన ఇద్దరూ ఒకేసారి కనిపించారు. నోట్లోంచి మాత్రం అలవాటైన మాటే వచ్చింది. "ఒకచోట పనిచేస్తున్నామండీ. పేరు చెప్పకూడదు."

"విన్నారా! పేరు చెప్పకూడదట! పేరు కూడా చెప్పకూడదంటే పైన ఎంత పెద్దవాళ్లు ఉన్నారో!"

ఆ మాట వంతెన పొడుగునా పాకింది. ఈ చివర్న 'పేరు చెప్పలేదు' అని బయలుదేరింది ఆ చివరికి చేరేసరికి 'ఎంతమందో ఇప్పుడే చెప్పలేం' అయింది. వంతెన మధ్యలో ఉన్న ఒక బస్సు ముందుకు వెళ్లాలా వెనక్కి వెళ్లాలా తేల్చుకోలేక ఆగింది. దాని వెనక అన్నీ ఆగాయి. సరిగ్గా అప్పుడే వంతెనల అధికారి జీపు వచ్చింది.

అధికారి ఈ ఊరికి కొత్త. ఆయన ఒక చేతిలో ఏడో పేజీ ఉంది. జనాన్నీ టోపీలనూ నిచ్చెననూ చూశాడు. "మూసేయండి వంతెన" అన్నాడు.

"ఎందుకండీ? ప్రమాదం లేదని పేపర్లో రాశారు కదా!" అన్నాడు ప్రచార్రావు.

"అందుకే. రేపు ఏదైనా అయితే, 'ఫలానా రోజు పేపర్లో ప్రమాదం ఊసెత్తారు కదా, నువ్వేం చేస్తున్నావు?' అని నన్నే అడుగుతారు. ఊసెత్తినవాడు ఎవడో గానీ నా కొంప ముంచాడు."

ఊసెత్తినవాడు నిశ్శబ్దంగా మిల్లీమీటరు దగ్గరికి వెళ్లాడు. "మీరొక్క మాట చెప్పండి. బాగుందని చెబితే చాలు, ఆయన నమ్ముతాడు."

"ఇంకా రెండు స్తంభాలున్నాయి. చూడకుండా బాగుందని ఎలా చెప్తాను? మీలాగా?"

ఫోన్ మోగింది. భార్య.

"ఏమండీ, నేను ఒంటిపూట బడి అయిపోయి వస్తూ అవతలి ఒడ్డున ఇరుక్కుపోయాను. ఇక్కడ షాపులో టీవీ పెట్టారు. వంతెన చూపిస్తున్నారు. 'పేరు చెప్పడానికి నిరాకరించిన నిపుణుడు' అని కింద రాస్తున్నారు. మనిషి కనపడటం లేదు గానీ భుజం మాత్రం కనపడుతోంది." గొంతు తగ్గించింది. "ఆ భుజం మీదే కదా?"

"...నాదే."

"అంటే పొద్దున ఆ వార్త..."

"నేనే రాశాను."

తిడుతుందనుకున్నాడు. "పొద్దున నమ్మలేదు, సారీ" అంది. "ఇప్పుడు నమ్ముతున్నాను. ఇంత గొడవ ఊరికే ఎవరూ చేయలేరు. కానీ త్వరగా తెరిపించండి, ఇక్కడ కూర్చోడానికి కూడా చోటు లేదు."

మధ్యాహ్నం దాటింది. మిల్లీమీటరు ఆఖరి స్తంభం దిగి వచ్చి, దిండ్లు ఎంత కదలాలో అంతే కదిలాయని ప్రకటించాడు. అధికారి ఒప్పుకోలేదు. బాగుందన్న మాట వల్లే గొడవ మొదలైంది కాబట్టి ఇక ఎవరి మాటా తాను వినదలుచుకోలేదన్నాడు. "ఎవరైనా పూచీ పడాలి. మాటలు కాదు" అన్నాడు.

అప్పుడు ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి పెద్దాయన దిగాడు. చంకలో ఒక మడత కుర్చీ, చేతిలో యంత్రాల పత్రిక. ఎవరినీ పలకరించలేదు. మెల్లగా ఒడ్డు దిగి, నడిమి స్తంభం కింద నీడలో, సరిగ్గా దూలం కింద, కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మిల్లీమీటరును సైగతో పిలిచి ఏదో చెప్పాడు. మిల్లీమీటరు పైకి వచ్చి అధికారితో, "కింద ఆయన కూర్చుంటారట. పైన మీ దగ్గరున్న లారీలన్నీ వరసగా పంపమంటున్నారు" అన్నాడు.

అధికారి కిందికి చూశాడు. కుర్చీలో ముసలాయన పత్రికలో పేజీ తిప్పుతున్నాడు. పైకి కూడా చూడటం లేదు. అధికారి మొహంలో పొద్దున్నుంచీ బిగుసుకుని ఉన్నదేదో సడలింది. ఒక లారీ పంపించాడు. అది ఒంటరిగా, సిగ్గుపడుతున్నట్టు, వంతెన దాటింది. ముసలాయన ఇంకో పేజీ తిప్పాడు. ఈసారి వరసగా అన్నిటినీ పంపించాడు. బస్సులు, లారీలు, ఇసుక బండ్లు, వాటి వెనక హారన్లు కొడుతూ సగం ఊరు. కుర్చీలో ముసలాయన నిద్రపోయాడు. పత్రిక మొహం మీద కప్పుకుని మరీ.

జనం ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. కెమెరాలన్నీ కిందికి తిరిగాయి. విలేకరి స్నేహితుడు గుంపును తోసుకుంటూ వచ్చి, తమ పేపరువాళ్లదే అయిన టీవీ ఛానల్ మైకును ప్రచార్రావు గడ్డం కింద పెట్టాడు.

"ఒరేయ్, నువ్విక్కడే ఉన్నావు కదా పొద్దున్నుంచీ. ఎవర్రా ఆయన? చెప్పు, లైవ్ వెళ్తోంది."

ప్రచార్రావుకు చప్పుడంతా ఆగిపోయినట్టయింది. ఇదే ఆ క్షణం. ఒక్క వాక్యం చాలు. ఇది ఎవరూ కింద నుంచి కోయలేని వాక్యం. కంపెనీ పేరు చెబితే రాత్రికి ఊరంతా మోగుతుంది. మేడమ్ సంతోషిస్తుంది, ఉద్యోగం ఉంటుంది, మామగారు పేపర్లో తన మొహం చూస్తారు. చెప్పకపోతే ఇది మూడో ఒడ్డు. చెబుదామనే కిందికి చూశాడు. పత్రిక కింద ముసలాయన నిద్రపోవడం లేదు. పత్రిక అంచును పట్టుకున్న వేళ్లు బిగుసుకుని ఉన్నాయి. ప్రచార్రావు ఆ వేళ్లను గుర్తుపట్టాడు. బళ్లో ఫోటోలు తీసేటప్పుడు ముందున్నవాడి చొక్కా వెనక భాగాన్ని పట్టుకున్న తన వేళ్లూ అలాంటివే. లారీల కింద కూర్చోవడానికి భయపడని మనిషి, నలుగురూ చూస్తున్నారని భయపడుతున్నాడు.

"తెలీదురా" అన్నాడు ప్రచార్రావు. "వంతెన వాచ్‌మన్ అనుకుంటా."

మర్నాడు మొదటి పేజీ మొత్తం వాచ్‌మనే. పైన వంతెన, దాని మీద లారీలు, కింద కుర్చీలో మొహం మీద పత్రిక కప్పుకున్న మనిషి. ఎడమ అంచున ఎవరిదో ఒక భుజం. కంపెనీ పేరు మొదట్లోనూ లేదు, ఆఖర్నా లేదు.

ప్రచార్రావు తన బల్ల సొరుగు ఖాళీ చేసుకుని, ఆ వస్తువులు సంచిలో వేసుకునే మేడమ్ గదిలోకి వెళ్లాడు. అక్కడ పెద్దాయన, మిల్లీమీటరు కూడా ఉన్నారు.

"ఊరంతా చూస్తోంది, మైకు మీ నోటి దగ్గరుంది" అంది మేడమ్. "ఒక్క పేరు చెప్పలేకపోయారా?"

"లేదండీ" అన్నాడు ప్రచార్రావు. సంచి కిందపెట్టాలా, పట్టుకునే నిలబడాలా తోచలేదు.

"పొద్దున్నే వంతెనల అధికారి ఫోన్ చేశారు. దిండ్లు ఎవరు చేశారో పాత కాగితాల్లో వెతికి కనుక్కున్నారట. రాబోయే వంతెనలన్నిటికీ దిండ్లు మనవే కావాలట." ఆమె గొంతులో కోపం దేని మీద నిలబడాలో తెలియక ఊగుతోంది. "ఎందుకో తెలుసా? ఇంకో కంపెనీ అయితే, 'బంగారంలాంటి వంతెనను అధికారి అనవసరంగా మూశాడు' అని పేపర్లకెక్కి డప్పు కొట్టేదట. మనం నోరు విప్పలేదట. 'ఇలాంటి కంపెనీ కోసమే వెతుకుతున్నాను మేడమ్' అన్నారు."

ప్రచార్రావు సంచి కిందపెట్టాడు.

"అది సరే" అన్నాడు పెద్దాయన. "మీరు నన్ను వాచ్‌మన్ అన్నారట."

"క్షమించండి సార్. ఆ క్షణంలో..."

"అది నిజం కాదు" అన్నాడు మిల్లీమీటరు కఠినంగా. "కొలతకు నిలవని మాట కంపెనీ నుంచి బయటికి పోకూడదు. సవరణ వేయించాలి."

"సవరణ వేయిస్తే మన పేరు వేయాల్సి వస్తుంది" అన్నాడు పెద్దాయన.

మిల్లీమీటరు జేబులోంచి తీయబోయిన పెన్నును మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు.

"అందుకని మాట మార్చడం లేదు" అన్నాడు పెద్దాయన మళ్లీ. "మాటకు తగ్గట్టు కంపెనీనే మారుస్తున్నాం. ఇవాళ్టి నుంచి మన దగ్గర పెద్ద వంతెన వాచ్‌మన్ అని ఒక పోస్టు ఉంటుంది. ఫోటోలో మొహం లేదు కదా, ఎవరైనా కావచ్చు. మా అమ్మాయి ఏమంది? పేరు పడకపోతే పౌరసంబంధాల పోస్టు తీసేస్తానంది. పడలేదు, తీసేసింది. నేనేమన్నాను? పేరు పడితే మీరు కనపడకండన్నాను. పడలేదు, ఉండండి. వాచ్‌మన్ మీరే."

"పనేమిటండీ?" అన్నాడు ప్రచార్రావు.

"ఇప్పుడు చేస్తున్నదే. మన గురించి ఎవరైనా అడిగితే తెలీదని చెప్పడం."

"మరి ప్రొబేషన్..."

"వాచ్‌మన్‌కి ప్రొబేషనేమిటండీ?" అంది మేడమ్, ఓడిపోయినట్టు నవ్వి. "ఆ సంచి తీసుకెళ్లి మీ గదిలో పెట్టుకోండి."

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి మామగారు మెట్ల మీదే ఉన్నారు. మొదటి పేజీ ఆయన ఒళ్లో పరిచి ఉంది. ఆ ఫోటో మీద పెన్సిలు గీత ఒక్కటి కూడా లేదు. రిటైరయ్యాక ఆయన తనిఖీ చేయకుండా నమ్మిన మొదటి సంగతి అదే కాబోలు. వెనక గుమ్మంలో భార్య నిలబడి ఉంది. దారిలోనే ఆమెకు ఫోన్‌లో అంతా చెప్పాడు. మామగారికి చెప్పడానికి మాత్రం వీల్లేదు, అది కంపెనీ నియమం. ఆమె చూపు ఫోటో ఎడమ అంచు మీద ఉంది. పెదవి కొరుక్కుంటోంది.

"చూశారా అల్లుడుగారూ!" అన్నారు మామగారు. "ఎవరో ఏమిటో, పేరు కూడా చెప్పుకోలేదు. ఏ ఆర్భాటమూ లేకుండా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఉద్యోగమంటే అదీ! మీరు కూడా ఈ ప్రచారాలూ గిచారాలూ మానేసి, అలాంటి వాచ్‌మన్ ఉద్యోగమైనా ఒకటి చూసుకోకూడదూ?"

ప్రచార్రావు చెప్పులు విడిచి, వాటిని గోడకు సమంగా జరిపి, లోపలికి నడిచాడు.

"ఖాళీ లేదట మావయ్యగారూ" అన్నాడు. "ఇవాళే ఎవర్నో వేసేసుకున్నారట."